రుద్రవనం చూస్తుంటే మా ఊరు గుర్తొచ్చింది

‘విరూపాక్ష’ సినిమా మొదలవ్వడమే 1979లో మొదలవుతుంది. రుద్రవనం అనే ఊళ్లో పిల్లలు వరసపెట్టి చచ్చిపోతుంటారు. దానికి కారణం ఊళ్లో ఉంటున్న ఒక జంట చేసే క్షుద్రపూజలేనని ఊరు తేల్చేస్తుంది. తేల్చాక ఇంక అడిగేదెవరు? మొగుడూ పెళ్లాల్ని ఇద్దర్నీ బతికుండగానే తగలబెట్టేస్తారు. పుష్కరకాలం తిరిగేసరికి ఈ ఊరు వల్లకాడైపోతుందని చస్తూ చస్తూ శాపం పెట్టి పోతుంది ఆవిడ. అసలు కథ పన్నెండేళ్ల తర్వాత, 1991లో నడుస్తుంది.

2023 ఏప్రిల్ 21న సినిమా వచ్చింది, మర్నాడే రంజాన్. పండగ రోజు మ్యాట్నీకి నేనూ మా అమ్మాయీ వెళ్లాం. హాలంతా కుర్రాళ్లే. బైక్ ప్రమాదం తర్వాత సాయిధరమ్ తేజ్ చేసిన మొదటి సినిమా కాబట్టి ఆయన కనిపిస్తే చాలు, ఈలలు, కాగితం ముక్కలు. ఆ తగలబెట్టే సీన్ జరుగుతున్నంతసేపు మాత్రం ఎవరూ కిక్కురుమనలేదు. పాప్‌కార్న్ డబ్బాలో చెయ్యి అలాగే పెట్టుకుని మా అమ్మాయి, ‘ఇంత ఈజీగా ఎవర్నైనా చంపేస్తారా డాడీ?’ అని గుసగుసగా అడిగింది. సినిమా నడుస్తోంది కదా, జవాబు చెప్పలేదు. నాకు మాత్రం పండ్లు లేని తాత గుర్తొచ్చాడు. ఆ తర్వాత సినిమా సగం తెర మీద, సగం మా ఊళ్లో చూశాను.

మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. 2016లో జిల్లాలు విడగొట్టాక సంగారెడ్డి కిందికి పోయింది గానీ, నా వయసు వాళ్లెవర్ని అడిగినా మెదక్ అనే చెప్తారు. ఊరికి పడమటి దిక్కున చింతతోపు, అది దాటాక ఒంటరిగా ఒక గూనపెంకుల ఇల్లు. అందులో ఆ తాత ఒక్కడే ఉండేవాడు. నవారు మంచాలు అల్లేవాడు, విరిగిన గొడుగులు బాగుచేసేవాడు. పై వరసలో ముందు పండ్లు లేవు, కింద కూడా రెండు లేవు. ముసలితనానికి ఊడాయనుకుందామంటే దవడ పండ్లన్నీ గట్టిగానే ఉండేవి. వేరుశనక్కాయలు బుగ్గలోకి తోసుకుని పటపటా నమిలేవాడు. మాట్లాడితే మాత్రం గాలి పోయేది. ‘సంగారెడ్డి’ అంటే ముందు ఒక ఈల వినపడి, తర్వాత ఊరి పేరు వచ్చేది.

మా ఇంటికి మంచం అల్లడానికి వచ్చినప్పుడల్లా తలుపు చాటునుంచి ఆయన పని చూస్తూ నిలబడేవాణ్ణి. మంచం పట్టెకి అరికాలు తన్నిపెట్టి నవారు లాగేవాడు. మిగతా వాళ్లయితే కొసని పండ్ల మధ్య బిగబట్టి రెండు చేతులా ముడి వేస్తారు. ఈయన ఆ కొసని ఎడమ మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకునేవాడు. అలా చుట్టీ చుట్టీ ఆ మణికట్టు మీద చర్మం నల్లగా, మెరుస్తూ కాయలు కాచింది. చిన్నప్పుడు నేను అంత దగ్గరగా చూసిన ‘దెయ్యపు’ వస్తువు ఆ మణికట్టే.

‘ఆ ఇంటి దిక్కు పోకు బిడ్డా. ఆయనకు మంత్రాలొచ్చు. అందుకే పండ్లు పీకిన్రు’ అనేది మా నాయనమ్మ. ముందు పండ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేడు, సరిగ్గా పలకకపోతే మంత్రం పారదు, ఇదీ లెక్క. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేస్తున్నాడని అనుమానం వచ్చినవాళ్ల పండ్లు ఊడగొట్టడం ఆ రోజుల్లో వినని సంగతి కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు పేపర్లో అలాంటి వార్త పడుతూనే ఉంటుంది. నాయనమ్మ ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో కోపమూ ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు. ఎండాకాలం చెరువు ఎండింది అన్నట్టు చెప్పేది. పీకింది ఎవరు అని అడిగితే ‘ఊరు’ అనేది. మళ్లీ అదే మనిషిని పిలిచి మంచం అల్లించుకునేది, కొసరు అడిగేది, అల్లిన మంచం మీద నన్ను పక్కలో వేసుకుని పడుకునేది. మంత్రగాడు అల్లిన మంచం మీద పడుకుంటే ఏమీ కాదా అని నాకు అనుమానం. ‘మంచానికేం తెలుసురా’ అనేది.

చాలా ఏళ్ల తర్వాత బాపు, అంటే మా నాన్న, నాకు మిగతా కథ చెప్పాడు. ఒక తొలకరిలో ఊళ్లో గొడ్లు ఒకదాని తర్వాత ఒకటి గొంతు వాచి, గురక పెడుతూ కూలిపోయాయి. ఆ వారంలోనే ఒక పసిబిడ్డ కూడా పోయింది. గొడ్లకి వచ్చింది గొంతువాపు వ్యాధి అని, వానలకి ముందే టీకా వేయిస్తే రాదని ఇప్పుడు పశువుల దవాఖానా గోడ మీదే రాసి ఉంటుంది. అప్పుడు ఆ గోడా లేదు, ఆ దవాఖానా లేదు. ఒంటరిగా ఉండే మనిషి, ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన మనిషి ఒకడున్నాడు. కొలిమి దగ్గర పట్టుకారు ఉంది. బాపుకి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు, జనం కాళ్ల సందుల్లోంచి చూశాడట. ‘అందరూ మనోళ్లేరా, ఎవల పేరని చెప్పాలె’ అన్నాడు నాతో.

ఎనభైల్లో మా వైపు బాణామతి, అంటే చేతబడి లాంటిదాని భయం ఎంతుండేదో ఆ రోజులు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫలానా ఊళ్లో ఇంటి మీద రాళ్లు పడుతున్నాయట, దండెం మీది బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయట, ఆడవాళ్లు ఉన్నట్టుండి ఊగిపోయి కుక్కల్లా అరుస్తున్నారట, ఇవే కబుర్లు. బస్సు దిగిన ప్రతి మనిషీ కొత్తది ఒకటి మోసుకొచ్చేవాడు. ఒకసారి మా బడికి హేతువాదులు వచ్చారు. చిన్న కుప్పగా పోసిన పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు వేసి, కాసేపు ఊరికే మాట్లాడుతూ నిలబడ్డారు. మేం ఆ సంగతి మర్చిపోయే వేళకి అది భగ్గుమంది. అగ్గిపుల్ల లేకుండా బట్టలు అంటుకోవడం ఇలాగేనని చెప్పారు. చప్పట్లు కొట్టాం. రాత్రికి మాత్రం ఎవరి దుప్పటి వాళ్లు ముసుగు తన్ని పడుకున్నాం. కారణం పగలే తెలిసింది, భయం దానిదారిన అది వచ్చింది.

దీనికి తోడు మా చిన్నత్త. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి ‘తులసిదళం’ కాగితాలన్నీ చింపి, దబ్బనంతో కుట్టి, పంచాంగం అట్ట వేసి ట్రంకుపెట్టెలో దాచుకుంది. మధ్యాహ్నం ఆడవాళ్లంతా చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే ఆవిడ పైకి చదివేది. మధ్యలో రెండు వారాల కాగితాలు పోయాయి, ఆ రెండు వారాల కథ ఆవిడే కల్పించి చెప్పేది. పెద్దయ్యాక పుస్తకం తెచ్చుకుని చదివితే చిన్నత్త కల్పించిన భాగమే ఎక్కువ భయంగా ఉందనిపించింది. ఆ కథకి కొనసాగింపు ‘కాష్మోరా’ పేరుతో 1986లో సినిమాగా వస్తే, కాష్మోరా అనేది మా పిల్లల తిట్ల పట్టికలోకి ఎక్కేసింది.

హాల్లో చూసి నిజంగా వణికిన మొదటి సినిమా మాత్రం 1992లో వచ్చిన రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’. మా చిన్నాయన కొడుకూ నేనూ సైకిల్ మీద టౌనుకి పోయి సెకండ్ షో చూశాం. ఇంట్లో భజనకని చెప్పామనుకుంటా. నేల టికెట్‌లో బెంచీలు, బీడీ పొగ, పక్కనే ప్రొజెక్టర్ గదిలోంచి గరగర చప్పుడు. సినిమాకని వెళ్లిన రేవతికి ఉన్నట్టుండి హాలంతా ఖాళీగా కనిపించే సీన్ ఒకటి ఉంటుంది అందులో. ఆ సీన్ రాగానే మా బెంచీల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు, వెనక జనం ఉన్నారా లేరా అని. అందరం ఒకేసారి తిరిగామని తెలిసి అందరం నవ్వేశాం. ఆ నవ్వులో ఎంత వణుకుందో! దెయ్యం సినిమా హాల్లోనే చూడాలని నేను ఇప్పటికీ వాదించడానికి కారణం ఆ బెంచీలే.

ఆ సినిమాలో దెయ్యం ముఖం మీదికి దూకింది తక్కువ. కెమెరా నేల బారున ఎవరో నడుస్తున్నట్టు ఇల్లంతా తిరుగుతుంది, మనం అది ఎవరి చూపో అనుకుంటూ చస్తాం. కారు కింద పడి చచ్చిన ఒక పిల్లిపిల్ల చాలు, ఇల్లు మొత్తాన్ని భయపెట్టడానికి.

తిరుగు ప్రయాణమే అసలు సినిమా. డైనమో లైటు సైకిల్ తొక్కినంతసేపే వెలుగుతుంది. ఎత్తు వస్తే దిగి నడిపించాలి, నడిపిస్తే లైటు పోతుంది. మా దారిలో ఆ ఎత్తు ఎక్కడో కాదు, సరిగ్గా చింతతోపు దగ్గరే. దిగాం. చీకటి. నాలుగడుగులు వేశామో లేదో, ‘ఎవల్రా అది?’ అని ఈలలాంటి గొంతు. మా వాడు సైకిల్ అక్కడే పడేసి ఊరి దిక్కు ఒకటే పరుగు. నేనూ పరిగెత్తేవాణ్ణే, కాలు చైనులో ఇరుక్కుంది.

తాత కందిలి పట్టుకుని వచ్చి, కూర్చుని నా పైజామా అంచు చైనులోంచి మెల్లగా తీశాడు. ‘సినిమాకు పోయొస్తున్నరా?’ అన్నాడు. అవునన్నాను. ‘ఏం సినిమా?’ దయ్యం సినిమా అన్నాను. ఆయనకి మహా సంబరమైంది. కథ చెప్పమన్నాడు. నాకు పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, అయినా చెప్పక తప్పలేదు. ఇంట్లో దయ్యముంది, పిల్లకి పట్టింది, ఇంట్లోవాళ్లు ఒక మంత్రాలాయన్ని పిలిచారు అని గబగబా చెప్పేశాను. సినిమాలో ఓంపురి వేసిన పాత్ర అది. తాత కందిలి కొంచెం పైకెత్తి నా ముఖంలోకి చూశాడు.

‘మరి ఆ మంత్రాలాయన్ను జనం ఏం జేసిన్రు?’

‘ఏం జెయ్యలే తాతా. ఆయననే కదా దయ్యాన్ని ఎళ్లగొట్టింది.’

‘మంచిగున్నది సినిమా’ అన్నాడు. ఊరి మొదటి ఇల్లు కనపడేదాకా కందిలి పట్టుకుని నాతో వచ్చాడు, తర్వాత తనే సైకిల్‌కి స్టాండు వేసి వెనక్కి తిరిగాడు. ఇంటికి రానన్నాడు. ఈ వేళప్పుడు నిన్ను నా ఎంబడి చూస్తే బాగుండదన్నాడు.

సినిమా రివ్యూ రాయడానికి కూర్చుని ఇదంతా ఎందుకంటారా? ‘విరూపాక్ష’ నన్ను పట్టుకున్న చోటు ఇదే కాబట్టి. రుద్రవనంలో జాతర జరుగుతుంటే గర్భగుడిలో ఒక మనిషి ప్రాణం పోతుంది. గుడి మైలపడిందని, ఎనిమిది రోజులు ఊరికి అష్టదిగ్బంధనం వెయ్యాలని పూజారి చెప్తాడు. ఆ పూజారిగా సాయిచంద్ చాలా బాగా చేశాడు, ఆయన చెప్తుంటే హాల్లో మనం కూడా లేచి బయటికి పోకూడదేమో అనిపిస్తుంది. ఎవరూ ఊళ్లోకి రాకూడదు, ఎవరూ పోకూడదు. అక్కణ్ణుంచి ఇంటర్వెల్ దాకా సినిమా నన్ను కుర్చీకి కట్టిపడేసింది.

మా బొడ్రాయి పండగ ఇలాగే ఉండేది. ఊరి నడుమ పాతే బొడ్రాయిని మళ్లీ ప్రతిష్ఠ చేసేటప్పుడు పెళ్లయి పోయిన ఆడబిడ్డలందర్నీ ముందే పిలిపించుకుంటారు. పని మొదలయ్యాక పొలిమేర దాటి ఎవరూ పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. బస్సు కూడా పొలిమేర అవతలే ఆగి, అటునుంచి అటే తిరిగి వెళ్లిపోయేది. రాత్రి బైండ్లవాళ్లు జమిడికె వాయిస్తూ కథ చెప్తుంటే, కొంతమంది మగవాళ్లు నెత్తురు కలిపిన అన్నం గంపలో పెట్టుకుని ఊరి చుట్టూ పొలి చల్లుకుంటూ తిరిగేవాళ్లు. పిల్లల్ని ఇళ్లలోంచి రానిచ్చేవాళ్లు కాదు. తలుపు సందులోంచి వినడమే. ముందు ఒక మూల నుంచి అరుపు, కాసేపటికి ఇంకో మూల నుంచి. చప్పుడు ఊరి చుట్టూ తిరిగొస్తుంటే పొలిమేర ఎంత పెద్దదో అప్పుడు తెలిసేది. మేక నెత్తుటికి కాదు, ఇవాళ ఈ గీత దాటి పోవడానికి లేదన్న మాటకే నా గుండె జారేది.

2020 మార్చిలో మళ్లీ అదే చూశాను. కరోనా వచ్చిందనగానే మా వైపు చాలా ఊళ్లలో దారికి అడ్డంగా ముళ్లకంపలు వేశారు. హైదరాబాద్ నుంచి పోయిన సొంత కొడుకుల్ని కూడా పొలిమేర దగ్గరే ఆపారు. మూడేళ్ల తర్వాత హాల్లో కూర్చుని అష్టదిగ్బంధనం చూసినవాళ్లకి ఆ భయం ఎక్కడిదో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. కార్తీక్ దండు అనే కుర్రాడు డైరెక్ట్ చేస్తే, సుకుమార్ స్క్రీన్‌ప్లే రాశాడు. ఊరిని మూసేసి, లోపల ఒక్కొక్కర్నీ చంపుకుంటూ పోవడమనే ఆలోచన ఎవరిదో గానీ సినిమాకి అదే ప్రాణం. అజనీష్ లోక్‌నాథ్ సంగీతం కూడా అక్కడక్కడ ఊరుకుంటుంది, అది మెచ్చుకోవాలి. మన హారర్ సినిమాల్లో తలుపు కిర్రుమంటే చాలు, వంద వయొలిన్లు మీద పడతాయి. ఇందులో రాత్రిపూట ఊరి చప్పుళ్లు వినపడే చోట్లున్నాయి.

ఇక నచ్చనివి. హీరో హీరోయిన్ల ప్రేమ వ్యవహారం ఊళ్లోకి రావడానికి ఒక సాకు, అంతే. సంయుక్త పాత్రకి ముందు ముందు పని ఉంది కాబట్టి అది అవసరమే అనొచ్చు, కానీ ఆ అరగంటా నేను వాచీ చూసుకున్నాను. చివరి ముప్పావుగంటలో అన్నీ విప్పి చెప్పేస్తారు, ఎవరు, ఎందుకు, ఎలా అని. చూడనివాళ్ల కోసం ఆ సంగతి నేను చెప్పను. మలుపు మంచిదే, నేను ఊహించలేదు, మా అమ్మాయి ఊహించింది. కానీ దెయ్యానికి కారణం తెలిసిపోయాక అది దెయ్యం కాదు, విలన్. విలన్‌ని ఎలా పట్టుకోవాలో హీరో చూసుకుంటాడు, మన పని అయిపోయింది. సాయిధరమ్ తేజ్ గొప్పతనం ఏంటంటే ఎక్కడా దెయ్యాన్ని కొట్టడానికి చొక్కా చేతులు మడవలేదు. మాస్ హీరో ఒకడు కథ వెనక నడవడానికి ఒప్పుకోవడం మనకి చిన్న విషయం కాదు.

అసలు నా ఫిర్యాదు వేరే ఉంది. ఈ సినిమా లోకంలో చేతబడి నిజం. మంత్రం వేస్తే మనుషులు నిజంగానే చస్తారు. అంటే 1979లో ఆ జనం చేసింది ఘోరమే అయినా, వాళ్ల అనుమానంలో మాత్రం పసుందని సినిమా ఒప్పేసుకుంటుంది. ఆ మంట చూసి బిగుసుకుపోయిన హాలు, చివరికొచ్చేసరికి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నేను పీల్చుకోలేకపోయాను. దెయ్యం సినిమాలో దెయ్యం ఉండొద్దంటే ఎలా అని మీరు అడగొచ్చు. ఉండనివ్వండి. కానీ తగలబెట్టినవాళ్లు అంత సులువుగా బాధితులైపోతే, ఆ మొదటి సీన్ అంత బాగా తీసినందుకు ఫలితం ఏముంది?

కారు పార్కింగ్‌లో మా అమ్మాయికి తాత సంగతి చెప్పాను. ‘పోలీస్ కేసు పెట్టలేదా?’ అంది. ఎవరి మీద పెడతాడు అన్నాను. ‘పండ్లు పీకినవాళ్ల మీద.’ వాళ్లెవరో నాకు తెలుసా అంటే, తెలుసు. ఆ ఇళ్లలో పండక్కి భోంచేశాను. పిల్ల ఇంక ఏమీ అడగలేదు, ఫోన్ తీసి సినిమాకి ఎంత రేటింగ్ ఇచ్చారో చూడటం మొదలుపెట్టింది.

తనకి దెయ్యం సినిమా అంటే రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కతే చూసేది. మధ్యలో ఆపి ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. ఆపగలిగినప్పుడు భయమేముంది అని నేనంటే, మీరు బెంచీల మీద అరుచుకుంటూ చూస్తే భయమేముంది అని తనంటుంది. ఆ వాదన తెగలేదు గానీ, తన పుణ్యమా అని ఆహాలో ‘మసూద’ చూశాను. 2022 నవంబర్‌లో హాళ్లలోకి వచ్చినప్పుడు నేను వదిలేసిన సినిమా అది. చెప్పొద్దూ, భయపెట్టే లెక్కలో ‘విరూపాక్ష’ కంటే నాకు అదే ఒక మెట్టు పైన.

ఎందుకంటే అందులో హీరో భయపడతాడు. తిరువీర్ వేసిన గోపి అనే కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పక్కింట్లో ఒంటరి తల్లీ కూతురూ. ఆ పిల్లకి ఏదో అవుతోందని అర్థమయ్యాక వాడు చేసేది ఏమీ లేదు, చెమటలు పట్టడం తప్ప. తలుపు తియ్యాలా వద్దా అని వాడు నిలబడితే మనకీ చెమట పడుతుంది. సంగీత తల్లిగా చేసింది, ఆవిడ ముఖంలో ఉన్న అలసట చాలు, దెయ్యం మేకప్ అక్కర్లేదు. మొదటి గంట చాలా నిదానం. విసుగొచ్చి ఆపేసినవాళ్లు నాకు తెలుసు. ఆ నిదానమే తర్వాత పనికొస్తుందని వాళ్లకి చెప్పి చూశాను, వినలేదు.

ఇంకొకటి, మన సినిమాల్లో దెయ్యాన్ని వదిలించేవాడు అనగానే విభూతి, ఎర్రబట్టలు, నిమ్మకాయలు. ‘మసూద’లో శుభలేఖ సుధాకర్ వేసిన ముస్లిం పెద్దాయన వస్తాడు, అరుపులూ కేకలూ లేకుండా పని చేసుకుపోతాడు. మా వైపు వాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. నాకు రాత్రిళ్లు ఉలిక్కిపడే జబ్బుంటే నాయనమ్మ దర్గాకి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది, వచ్చేటప్పుడు పోచమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టింది. ఆ రెంటికీ మధ్య ఆవిడకి ఎప్పుడూ తేడా కనపడలేదు. తెర మీద అది చూడటానికి మాత్రం నేను నలభై దాటాల్సి వచ్చింది.

ఆ పండ్లు లేని తాత, నేను డిగ్రీకి హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో పోయాడు. ఆ గూనపెంకుల ఇల్లు ఇప్పుడు లేదు. చింతతోపు కొట్టేసి ప్లాట్లు చేశారు, వాస్తు చూపించుకుని మరీ కొంటున్నారు. ఆయన అల్లిన మంచం ఒకటి మొన్నమొన్నటిదాకా మా పాత ఇంట్లో ఉండేది. నవారు పాతబడి పోగులు లేచిపోయింది గానీ ముడి ఒక్కటీ జారలేదు. బాపు దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

కార్తీక్ దండు ఇప్పుడు నాగచైతన్యతో సినిమా చేస్తున్నాడు, దానికి ఎలాగూ వెళ్తాను. నేను అడిగేది చిన్నది. ఏ డైరెక్టరైనా సరే, ఒక్కసారి దెయ్యం సినిమా తీసి, చివరిదాకా ఊరి అనుమానం తప్పే అని తేల్చమనండి. శాపం పెట్టినావిడకి మంత్రాలేమీ రావు, గొడ్లకి వచ్చింది గొంతువాపు, అయినా ఆవిడ వదలదు. దానికి మొదటి రోజు మొదటి ఆట టికెట్ నాదే, ఇంటర్వెల్లో సమోసాకి కూడా లేవను. మా అమ్మాయి మాత్రం ఓటీటీలో వచ్చేదాకా ఆగుతానంటోంది.